గెట్టు పంచాయితి

రాత్రి రెండుంబావు.
గడియారం చౌరస్తా కాడ ఆఖరి ఆటో గూడ పోయింది.
నల్లగొండల, బ్యాంకు మూడో అంతస్తుల,
ఏప్రిల్ నెలల శాలువ కప్పుకొని నేను,
నిలబడే ఉండి నిద్రపోని ఒక నల్లటి బీరువ.

దాని కడుపుల నాలుగు పాళ్లు జేసిండ్రు.
ఒకటి పొదుపు ఖాతాలకు,
ఒకటి పంట రుణాలకు, ఒకటి జీతాలకు.
నాలుగోది దేనికో నేనొచ్చినప్పటి సంది ఎవలూ చెప్పలే.
ఒక్కటే ఇనుము, ఒక్కటే కరెంటు,
అయినా పాలోళ్ల లెక్క
ఒకరి మొఖం ఒకరు జూడరు.

పంట రుణాలు లేస్తలేవు.
తెర మీద ఎర్ర అక్షరాలు:
"కోరిన వనరు అందుబాటులో లేదు."
ఎంత తక్కువ, ఎవరి దగ్గరుంది, అడిగితే చెప్పదు.
మా ఊరి సర్వేయర్ గూడ గిట్లనే,
గొలుసు గుంజి, నక్ష మడిచి,
"తేడా ఉన్నది" అని చాయ తాగి లేచిపోతడు.

మళ్ల నొక్కిన. గదే మాట.
మళ్ల నొక్కిన.
ఈసారి ఎనిమిది అంకెలు, చివర ఒక బి.
సంతోషమైంది.
ఈ పనిల తప్పు మారుడంటే
ముందటికి ఒక అడుగు పడ్డట్టే.

హైదరాబాదుకు ఫోన్ జేస్తే
ఆవులించుకుంట ఒక పిలగాడు:
"మొత్తం ఆపి మళ్ల పెట్టుండ్రి మేడం."
ఒక్కని మోటరు లేస్తలేదని
ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దించుతమా బిడ్డా?
జీతాలు నడుస్తున్నయ్ అవుతల.
అనలేదు. "చూస్త" అన్న.

జనరేటర్ సైదులు చాయ తెచ్చిండు.
"ఏమంటది?"
"జాగ లేదంటది."
గ్లాసు బల్ల మీద పెట్టుకుంట అడిగిండు:
"లేకనా, ఇయ్యకనా?"

ఆయన చెప్పిండు గప్పుడు, నేను అడగకుండనే.
పెద్దబాపు భీవండి పోయి పన్నెండేండ్లట.
మగ్గం కాన్నే ముసలోడైండట.
బాయిల ఆయన వంతు మాత్రం
వారానికి రెండు రోజులు అట్లనే ఉన్నదట.
ఆ రెండు రోజులు మోటరు నడువది,
పక్క మడి ఎండుతది,
అడుగుదామంటే మనిషి లేడు,
ముట్టుకుందామంటే మాటొస్తది.

నాలుగో పాలు తెరిచిన.
పేరు: దేవరకొండ పాతది.
స్థితి: ఆపి ఉన్నది, ఏడేండ్ల సంది.
ఆ శాఖ తలుపులు మూసి, బోర్డు దించి,
అక్కడ ఇప్పుడు చెప్పుల దుకాణం.
కానీ లోపల, పేరు మీద,
ముప్పై రెండు గిగాల జ్ఞాపకం,
రెండు ప్రాసెసర్లు, ఒక టేపు పెట్టె.
ఊపిరి లేదు, పట్టు ఇడువలే.

బీరువ పక్కన దారంతోని కట్టిన నోటుబుక్కు.
దాంట్ల పచ్చ సిరాతోని, వంకర గీతల:
"తాత్కాలికంగ ఉంచిన. ఎవలూ తియ్యొద్దు. — గాలయ్య."
గాలయ్య సారు పించను తీసుకోబట్టి నాలుగేండ్లు.
ఆయన్ను నేను చూడనే లేదు.
పచ్చ సిరా జూస్తే మాత్రం
మందలించినట్టే అయితది.

తియ్యలే నేను. అంత ధైర్యం నాకెక్కడిది.
పదహారు అడుక్కున్న, ఒక ప్రాసెసర్ అడుక్కున్న.
టేపు పెట్టె జోలికి పోలే.
నమోదు మార్చి, కండ్లు మూసుకొని, నొక్కిన.

గుండ్రంగ తిరిగింది, తిరిగింది.
సైదులు తన తలకాయ నా భుజం మీదికెల్లి పెట్టి
ఆ తిరుగుడునే జూస్తున్నడు
బోరు పడుతదా లేదా అన్నట్టు.

మూడున్నర దాటినంక పంట రుణాలు లేచినయ్.
లేచీ లేవంగనే ఒక పసుపు మాట:
"ఈ భాగం గడియారం పదకొండు నిమిషాలు వెనక ఉన్నది."
సైదులు నవ్విండు, "మన చౌరస్తది నయమా?" అని.

రిజిస్టర్ల రాయాలె.
సమస్య: రాసిన. సమయం: రాసిన.
కారణం అన్న గడి కాడ కలం ఆగింది.
"వనరుల కొరత" అని రాస్తే సార్లు ఒప్పుకుంటరు,
కొత్త బీరువకు టెండరు పెడుతరు.
కొట్టేసి రాసిన: "లేక కాదు."

పొద్దుగాల పదింటికి చండూరు దిక్కునుంచి ఎవరో వస్తరు,
పాసుబుక్కు పాలకవర్ల సుట్టుకొని.
కిటికీల నుంచి "సర్వర్ లేదు" అనే మాట
ఇయ్యాల ఇనడు.
పదకొండు నిమిషాలు ఇంకా సరిజెయ్యలే నేను.
చాయ సల్లారింది, అయినా తాగిన.